మన గ్రామ సంఘం వార్షిక నివేదిక: కొండ కాలిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక దేవళం రంగులతోనో, బోరు మోటారు రిపేరుతోనో మొదలయ్యేది. ఈసారి చేతులు అటు పోవడం లేదు. పోయిన ఉగాదికి పది రోజుల ముందు మన ఊరి మీదున్న లంకమల కొండకు నిప్పు అంటుకుని రెండు రాత్రులు మండింది. మేకలను తోలుకొద్దామని పైకి పోయిన తాత తిరిగి రాలేదు. పేరు రాయొద్దని ఇంటివాళ్లు కోరారు. ఆయన ఎవరో తెలియనివాళ్లు మన ఊళ్లో లేరు. గడ్డివాములు, మేకల దొడ్లు, మామిడి తోటల అంచులు కలిపి 11 కుటుంబాలు నష్టపోయాయి.

మంటలు ఆరిన పొద్దున కొందరం కొండెక్కాం. బోదగడ్డి మొత్తం బూడిద. చెప్పుల్లోంచి కూడా వేడి తగులుతోంది. వద్దన్నా వినకుండా ఆ తాత ఇంటి అవ్వ మాతో వచ్చింది. చచ్చిన మేకల పక్కన కూర్చుని, బూడిదలోంచి మెడగంటలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. దిగేటప్పుడు ఆ గంటల చప్పుడే తప్ప ఎవరి నోటా మాట లేదు.

ఆ తర్వాత రెండు నెలలు ఊళ్లో ఒకటే టెన్షన్. నిప్పు కాపరులే పెట్టారని కొందరు, తేనె తీసేవాళ్లని కొందరు, ఎవరో బీడీ పారేశారని కొందరు. తాత దినాల భోజనానికి సగం ఊరు రాలేదు. ఇది రాయడానికి బాధగా ఉంది కానీ దాచడం తప్పు. చివరికి రామాలయం అరుగు మీద మీటింగులో అవ్వే అడిగింది, లేత గడ్డి మొలుస్తుందని ఎండాకాలం కొండకు అగ్గి పెట్టని ఇల్లు మనలో ఏదని. ఎవరూ తల ఎత్తలేదు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరమని మనకు తెలియనిది కాదు. ఇకపై పెట్టమని ఆ రోజే ఇంటింటి నుంచీ ఒకరు లేచి మాట ఇచ్చారు. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నా లెక్కకు పెద్దది ఇదే.

మేతకు పెన్న అవతలి ఊళ్ల నుంచి వరిగడ్డి ట్రాక్టర్లు వచ్చాయి. ఒక్కరూ డబ్బు తీసుకోలేదు. దొడ్లకు రేకులు సంఘం కొనిచ్చింది.

కాలిన చోటంతా గుంటలు తవ్వి మొక్కలు నాటిస్తామని కొందరు దాతలు ముందుకొచ్చారు. వాళ్ల మనసు మంచిది, అయినా వద్దన్నాం. 1900 తర్వాత కనిపించక, ఇక లేదనుకున్న కలివికోడి అనే అరుదైన పిట్ట 1986లో మళ్లీ దొరికింది ఈ లంకమల పొదల్లోనే. దానికి దట్టమైన అడవి పనికిరాదు, పొదల మధ్య ఖాళీ నేల ఉండాలి. పైగా వేరు బతికే ఉందని పెద్దలు చెప్పారు. వానలు పడ్డాక చూస్తే నిజమే, సీతాఫలం చెట్లు మొదళ్ల నుంచి చిగురేశాయి. కాలిన ఎర్రచందనం మోడుకు చుట్టూ పిలకలు వచ్చాయి. సీతాఫలాల మీద బతికే ఆడవాళ్లకు మాత్రం ఈ ఏడు కాపు లేదు. వాళ్లకు డ్వాక్రా సంఘాలు వడ్డీ లేకుండా అప్పు సర్దాయి.

సంక్రాంతి దాటాక అటవీ సిబ్బందితో కలిసి కొండ కింద ఫైర్ లైన్, అంటే నిప్పు దాటి రాకుండా ఖాళీ నేల పట్టీ, కొట్టాం. గడ్డి కోసి నేల కనపడేదాకా ఊడ్చాం. ఆకురాల్చే అడవి కదా, వారం తిరిగేసరికి మళ్లీ ఆకు పరుచుకుంటుంది. మళ్లీ ఊడవాలి. ఉపగ్రహం నుంచి వచ్చే నిప్పు హెచ్చరికలకు నలుగురు కుర్రాళ్లు తమ ఫోన్ నంబర్లు నమోదు చేయించారు.

దేవళానికి రంగులు వేయలేదు. మోటారు రిపేరైంది. జమాఖర్చుల పుస్తకం సంఘం గదిలో ఉంది, ఎవరైనా చూడొచ్చు.

ఉగాది నాడు అవ్వకు సంఘం తరఫున రెండు మేకలు ఇచ్చాం. పెద్దదాని మెడలో ఆ నల్లబడ్డ గంటే కట్టింది. సాయంత్రం మంద దిగేటప్పుడు మన వీధి దాకా వినపడుతోంది.

ఫైర్ లైన్ ఊడ్పు ఈ ఆదివారం తూర్పు వీధి వంతు. పొద్దున 6కే బయలుదేరుతాం. చీపుర్లు, నీళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి