బెర్లిన్‌లోని మన తెలుగు సంఘం: ఈ ఏడాది పనుల నివేదిక

అందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో చదవాల్సిన నివేదిక ఇది. రాలేని వాళ్ళ కోసం ముందే గ్రూపులో పెడుతున్నా, దయచేసి పూర్తిగా చదవండి, పోయినసారి చదవకుండా వచ్చి మళ్ళీ అవే ప్రశ్నలు అడిగారు చాలామంది.

పండగలన్నీ ఎప్పట్లాగే చేశాం. ఉగాది పచ్చడికి వేపపువ్వు గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మగారు సూట్‌కేసులో పొట్లం కట్టి తెచ్చారు, ఆవిడకి సంఘం తరఫున నమస్కారాలు. బతుకమ్మకి హాలు కావాలని ఒక ఆఫీసుకి ఏప్రిల్‌లోనే ఉత్తరం రాశాం, మూడుసార్లు గుర్తు చేశాం, జవాబు పండగ అయిపోయాక పోస్టులో వచ్చింది. ఆడవాళ్ళు పిల్లల్ని వేసుకుని పార్కులో చలికి వణుకుతూ ఆడారు. ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది, చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవాల్సిన పని, జూన్ చివర్లో ఉంటర్ డెన్ లిండెన్ అనే పాత పెద్ద వీధిలో చేసిన నడక. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు మూడు నెలలు ఇంట్లో కూర్చుని టీవీ చూసి వెళ్ళిపోతున్నారు, వాళ్ళకి ఈ ఊరు చూపిద్దాం, అదీ మన మాటల్లో చెబుదాం అనుకున్నాం. ఆ వీధిలో ఉండే లిండెన్ చెట్లు పూతకొచ్చే టైము కాబట్టి ఆ నెల పెట్టుకున్నాం. బ్రాండెన్‌బుర్గ్ గేటు నుంచి ష్లాస్‌బ్రూకె వంతెన దాకా ఒకటిన్నర కిలోమీటరే, మాకు నాలుగు గంటలు పట్టింది.

గేటు దగ్గర పైనున్న నాలుగు గుర్రాల రథాన్ని నెపోలియన్ 1806లో పారిస్‌కి ఎత్తుకుపోయాడని, 1814లో మళ్ళీ తెచ్చుకున్నారని చెప్పగానే పిల్లలు ఊపందుకున్నారు. అక్కణ్ణుంచి మధ్యలో ఉన్న నడకదారిలో చెట్ల కిందే వెళ్ళాం. పల్నాడులో నలభై ఏళ్ళు పత్తి వేసిన ఒక బాబాయిగారు బెంచీ మీద చెయ్యి పెట్టి, జిగటగా ఉందేంటని ఒక ఆకు తిప్పి చూసి "ఇది పేనుబంక రా, మా పత్తికీ ఇలాగే పడుద్ది" అన్నారు, అంటే ఆకు రసం పీల్చే చిన్న పురుగులు వదిలే జిగురు. బెర్లిన్‌లో ఏళ్ళ తరబడి కార్ల మీద ఆ జిగురు తుడుచుకుంటున్న మా ఎవరికీ ఆ సంగతి తెలీదు! లిండెన్ ఆకు అచ్చం చిన్న రావాకులా ఉంటుంది, తోక పొడుగు ఉండదంతే. పూలగుత్తికి రెక్కలాగా ఒక పల్చటి పొడుగాకు అంటుకుని ఉంటుంది, పిల్లలు దాన్ని పైకి విసిరి గిరగిరా తిరిగి పడుతుంటే చూస్తూ అక్కడే ఆగిపోయారు.

ఈ చెట్లు రాజుల కాలంవా అని బాబాయిగారే అడిగారు. దారి రాజులదే, వేటకి టియర్‌గార్టెన్ అనే అడవికి వెళ్ళడానికి 1573లో వేశారు, 1647లో లిండెన్, వాల్‌నట్ మొక్కలు నాటించారు. కానీ చెట్లు అప్పటివి కావు. 1930ల్లో కింద రైలు సొరంగం తవ్వుతూ కొట్టేశారు, మళ్ళీ నాటినవి యుద్ధంలో పోయాయి, ఇప్పుడు చూసేవి ఆ తర్వాత పెట్టినవి. అది విని ఆయన వాళ్ళ ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన చింతచెట్ల గురించి వంతెన దాకా చెబుతూనే ఉన్నారు.

అదే వీధిలో ఉన్న హంబోల్ట్ యూనివర్సిటీ ముందు మన స్టూడెంట్ మెంబర్లు ఇద్దరు చాలా బాగా చెప్పారు. హైదరాబాద్‌లో పుట్టిన జాకీర్ హుస్సేన్ గారు 1926లో ఇక్కడే డాక్టరేట్ తీసుకున్నారు, 1967లో మన రాష్ట్రపతి అయ్యారు. సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా కూడా ఇక్కడే చదివారు. ఎదురుగా బెబెల్‌ప్లాట్జ్ అనే చౌకులో నాజీలు 1933 మే 10న పుస్తకాలు కాల్చిన చోట నేలలో ఒక అద్దం ఉంటుంది, కింద 20 వేల పుస్తకాలు పట్టే తెల్ల అరలు, అన్నీ ఖాళీ. పిల్లలు బోర్లా పడుకుని కళ్ళకి చేతులడ్డం పెట్టుకుని చూశారు, వాళ్ళ అమ్మలు బట్టలు మాస్తాయని అనలేదు.

షింకెల్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన నోయె వాఖెలోకి (పాత కాపలా భవనం, 1818లో పూర్తయింది, ఇప్పుడు యుద్ధాల్లో పోయినవాళ్ళ స్మారకం) వెళ్ళినప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడలేదు. కప్పుకి గుండ్రటి కన్నం, దాని కింద చచ్చిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకున్న తల్లి బొమ్మ, వానొచ్చినా మంచొచ్చినా ఆవిడ మీదే పడుతుంది. ఆ బొమ్మకి మూలమైన చిన్న బొమ్మ చేసిన శిల్పి కేటె కోల్‌విట్జ్ కొడుకు మొదటి ప్రపంచయుద్ధంలో పోయాడు. ఒక పిన్నిగారు గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి లోపలికొచ్చారు, ఎవరూ చెప్పలేదు ఆవిడకి. పక్కనున్న త్సోయ్‌గ్‌హౌస్ (పాత ఆయుధాగారం, మ్యూజియం) అప్పుడు మరమ్మతుల వల్ల మూసి ఉంది, బయట నుంచే చూపించాం.

ఈ నడకకి థాంక్స్ చెప్పాల్సిన వాళ్ళు చాలామంది. పులిహోర, పెరుగన్నం డబ్బాలు పొద్దున్నే చేసిచ్చిన మూడు కుటుంబాలు, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన కాలేజీ పిల్లలు, ఫోటోలు తీసిన తమ్ముడు, వెనకబడ్డవాళ్ళ కోసం ప్రతిచోటా ఆగిన మా ఉపాధ్యక్షురాలు గారు. అయితే ఒక మాట అనక తప్పదు, గ్రూపులో పద్నాలుగు మంది వాలంటీర్లుగా వస్తామని బొటనవేలు పెట్టారు, వచ్చింది ఐదుగురు. రాలేకపోతే ముందురోజు ఒక మెసేజ్ పెట్టండి చాలు, వేరే ఏర్పాటు చేసుకుంటాం, నీళ్ళ బాటిళ్ళ సంచులు రెండూ నేనే మోశాను ఆ రోజు.

లెక్కల షీటు కోశాధికారి గారు అందరికీ మెయిల్ చేశారు, తనిఖీ చేసిన ఇద్దరూ సంతకం పెట్టారు, కొంచెం మిగులే ఉంది. ఇంకా చందా కట్టనివాళ్ళు మార్చి లోపు కట్టేయండి.

వచ్చే జూన్‌లో కూడా ఈ నడక పెట్టాలని, ప్రతి ఏడూ జరిగే కార్యక్రమంగా రాసుకోవాలని కమిటీ తరఫున ప్రతిపాదిస్తున్నా. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి బెంచీలు అన్నిచోట్లా దొరకలేదు, మిగులు డబ్బుతో మడతపెట్టే స్టూళ్ళు ఒక ఆరు కొందాం. వాటిని మోయడానికి వచ్చేవాళ్ళ పేర్లు రాసుకోవడానికి మీటింగ్‌లో తలుపు పక్కనే కాగితం పెడతా.