మీ బావకు ఫోనంటే భయం లేదు

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మంగళగిరిలో చేనేత చీరల కొట్టు పెట్టుకుని మీ బావ ఆన్‌లైన్‌లో ఎందుకు అమ్మడు, ఫోనంటే భయమా అని అడిగావు. భయమా! పొద్దున లేస్తే వాట్సాప్‌లో చీరల ఫొటోలు పంపేది ఆయనే. విజయవాడ, గుంటూరు వాళ్ళు యూపీఐలో డబ్బు వేస్తారు, సాయంత్రానికి కొరియర్ వెళ్ళిపోతుంది. ఇది ఆన్‌లైన్ అమ్మకం కాక మరేమిటి? ఆయన గడప తొక్కనిది అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి పెద్ద యాప్‌లదే.

సరుకు సంగతి చూడు. యాప్‌లో పెట్టిన ఫొటోకు అచ్చం అలాంటి చీరలే బోలెడు ఉండాలి. నేలలో గుంట తీసి బిగించిన గుంట మగ్గం మీద చేత్తో నేసిన నిజాం అంచు చీరలు ఒక్కో రంగులో కొన్నే వస్తాయి. మళ్ళీ నూలుకు అదే రంగు అద్దించినా ఛాయ మారుతుంది. తెర మీద చిలకపచ్చగా కనిపించినది చేతికి వచ్చేసరికి ముదురుగా ఉంటే కొన్నావిడ తిప్పి పంపుతుంది. ఆమె తప్పేమీ లేదు. కానీ మడత నలిగిన చీర ఊళ్ళు తిరిగి కొట్టుకు చేరేదాకా దాని మీద పెట్టిన డబ్బు ఆగిపోయినట్టే. ఇక్కడేమో నేసినవాళ్ళకు కూలి ఆపడానికి లేదు. నన్నడిగితే అసలు అడ్డు ఇదే. ఇంగ్లీషు రాకపోవడం, కంప్యూటర్ తెలియకపోవడం పెద్ద లెక్కలోవి కావు, పదో తరగతి పిల్ల ఉన్న ఇంట్లో అవి ఇట్టే తీరిపోతాయి.

జీఎస్టీ తమాషా విను. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న వ్యాపారులకు ఒక వెసులుబాటు వచ్చింది. మన రాష్ట్రంలో ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషన్ లేకుండానే యాప్‌ల ద్వారా సరుకు అమ్మవచ్చు. అయితే రాష్ట్రం లోపలే! యాప్‌లో చేనేత గిరాకీ ఎక్కువగా ఉండేది మీ హైదరాబాదులో, బెంగళూరులో. యాప్ ద్వారా నీకు ఒక్క చీర అమ్మినా రిజిస్ట్రేషన్ కావాలి. ఆపై గడువు ప్రకారం లెక్కలు, ఆడిటరు ఫీజు. సొంత బావమరిదివి, కాగితాల మీద పొరుగు రాష్ట్రం వాడివి!

ఇవన్నీ ఒక ఎత్తు, మరమగ్గం నకళ్ళు ఒక ఎత్తు. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఇక్కడి నేతకే చెందుతుందనే జీఐ ముద్ర ఉన్నా, అదే పేరుతో నకలు చవకగా పక్కనే కనిపిస్తుంటే చేతిమగ్గం ధర చూసి ఎవరైనా ఉలిక్కిపడతారు. కొట్టులో అయితే బట్ట చేతికిచ్చి ఒప్పించవచ్చు.

అయినా ఈమధ్య మీ బావ కాస్త కదిలాడు. పక్క వీధి కొట్టువాళ్ళ కోడలు ఇన్‌స్టాగ్రామ్‌ లైవ్‌లో చీర విప్పి, కొంగు చూపించి, గుమ్మం వెలుతురులోకి పట్టుకెళ్ళి అసలు రంగు ఇదీ అని చెప్పి అమ్ముతోంది. ఎన్ని సదస్సులు పెట్టినా రాని ఆలోచన, పక్క కొట్టు బేరం చూస్తే వచ్చింది! మీ అక్క మాటకారి కదా, ఆమెను కూర్చోబెడితే సరి.

దసరాకు వచ్చినప్పుడు ఆయనకు ఉపన్యాసం మాత్రం ఇవ్వకు. ఏ యాప్ ఎన్ని రోజులకు డబ్బు చేతికిస్తుందో, తిరిగొచ్చిన చీర ఖర్చు ఎవరి మీద వేస్తుందో కనుక్కుని రా. ఆయన అడిగేది ఆ రెండే.

నీ
రాము