నర్సమ్మ గారికి

తమ్ముడి పెళ్ళి చూసుకుని గత వారం ఇంగ్లండులోని లీడ్స్‌కు తిరిగి వచ్చాను. ఫొటోలు చూసిన చాలామంది "ఎంత చక్కగా తిరుగుతున్నావు, జబ్బు తగ్గిపోయిందా?" అని అడిగారు. తగ్గలేదు. నాకున్నది మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడులో, వెన్నుపాములో నరాలను దెబ్బతీసే జబ్బు. అది పూర్తిగా తగ్గిపోయేది కాదు. అయినా మే నెల ఎండల్లో విజయవాడ వెళ్ళి, పెళ్ళిపందిట్లో నా కాళ్ళ మీద నేను నిలబడి అక్షింతలు వేసి వచ్చానంటే దాని వెనక ఒక మనిషి ఉన్నారు. ఆవిడకు నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు రాయవచ్చా అని అడిగాను. "నా పేరు వద్దు, నేను చేసే పని ఏమిటో రాయి" అన్నారు. ఆవిడ ఎం.ఎస్. నర్సు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళను చూసుకోవడానికే ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సు.

నాకు ఈ జబ్బు బయటపడింది 2021 కార్తీకమాసంలో. ఒక ఉదయం బొట్టు పెట్టుకుంటూ ఎందుకో కుడి కన్ను మూశాను. భరిణలోని కుంకుమ వెలిసిపోయిన ఇటుకపొడిలా కనిపించింది. కుడి కంటితో చూస్తే అదే కుంకుమ ఎర్రగా ఉంది. ఎడమ కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల నొప్పి. కంటి నరం వాచిందన్నారు. తరువాత ఎం.ఆర్.ఐ. తీస్తే మెదడులోనూ వెన్నుపాములోనూ తెల్లని మచ్చలు కనిపించాయి. నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీసి పరీక్షించారు. న్యూరాలజిస్టు జబ్బు పేరు చెప్పాక ఆయన ఇంకేం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

గుర్తున్నది పక్క గది. అక్కడ ఆవిడ కూర్చోబెట్టి నన్ను అడిగిన మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు. "ఇప్పుడు ఇంటికి ఎలా వెళ్తావు? తోడు ఎవరున్నారు?" మావారు బయట కారులో ఉన్నారని చెప్పాను. ఆయన్ను పిలిపించారు. ఇద్దరం కూర్చున్నాక ఒక కాగితం మీద మూడు విషయాలు రాసిచ్చారు. ఒకటి, డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే కార్యాలయానికి ఈ జబ్బు సంగతి తెలపడం తప్పనిసరి. రెండు, ఈ దేశంలో 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం జబ్బు నిర్ధారణ అయిన రోజు నుంచే నాకు రక్షణ ఉంది, కాబట్టి ఉద్యోగం పోతుందేమోనని ఈ రాత్రి నిద్ర మానుకోనక్కరలేదు. మూడోది ఆవిడ ఫోను నంబరు. ఆ కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ ఉంది. మూలలు పసుపు పచ్చబడ్డాయి.

అమ్మకు చెప్పడం అంతకంటే కష్టమైంది. మన దగ్గర నరాలకు సంబంధించి ఏది వచ్చినా "నరాల బలహీనత" అనే మాటలో పడేస్తాం. అమ్మ కూడా చుట్టుపక్కల వాళ్ళకు అదే చెప్పింది, బాదంపప్పు, నువ్వులుండలు పార్సిలు పంపింది. ఈ సంగతి మాటల్లో వస్తే నర్సు గారు నవ్వలేదు. "మీ అమ్మగారితో మాట్లాడనా?" అన్నారు. వీడియో కాల్ పెట్టాం, నేను తెలుగులోకి మార్చి చెప్పాను. నరం బలహీనపడటం కాదు, నరం చుట్టూ మైలిన్ అనే తొడుగు ఉంటుంది, ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దాన్ని పొరపాటున కొరికేస్తోంది అని ఆవిడ అంటే, అమ్మ వెంటనే "కాపలా కుక్క ఇంట్లో పిల్లనే కరిచినట్టా?" అంది. ఆ మాట ఆవిడకు ఇంగ్లీషులో చెబితే, దాన్ని తన పుస్తకంలో రాసుకున్నారు. నా పిల్లలకు వస్తుందా అని కూడా అమ్మే అడిగింది. ఆ ప్రశ్న నాకు ఏడాదిగా గొంతులో ఉంది. నేరుగా వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదని, మిగతా పిల్లలతో పోలిస్తే అవకాశం కొంచెం ఎక్కువే కానీ చాలా తక్కువమందికే వస్తుందని ఆవిడ నిదానంగా చెప్పారు. అమ్మ ఆ రాత్రి నిద్రపోయిందని నాన్న చెప్పారు.

నేను వాడుతున్న మందు ఓక్రెలిజుమాబ్. మొదటి మోతాదు పధ్నాలుగు రోజుల తేడాతో రెండు సగాలుగా, తరువాత ఆరు నెలలకు ఒకసారి, డ్రిప్ ద్వారా ఎక్కిస్తారు. మొదటి రోజు సూది గుచ్చడానికి నాకు రక్తనాళం దొరకలేదు. రెండు చోట్ల గుచ్చి చూశాక ఆవిడ ఆపి, ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి నా చెయ్యి మోచేతి దాకా అందులో ఉంచారు. పది నిమిషాలు నా చెయ్యి పట్టుకుని మా ఊరి గురించి, కృష్ణానది గురించి అడుగుతూ కూర్చున్నారు. రక్తనాళం తేలింది. ఎలర్జీ రాకుండా ముందుగా స్టెరాయిడ్, మరో మందు ఇచ్చారు. డ్రిప్ మొదట నెమ్మదిగా పెట్టి అరగంటకోసారి బీపీ, నాడి చూసి వేగం పెంచుతూ వచ్చారు. ఒక దశలో నాకు గొంతులో దురద మొదలైంది. చెప్పడానికి మొహమాటపడుతున్నాను, ఆవిడ నా చెయ్యి మెడ మీదికి పోవడం చూసి డ్రిప్ ఆపేశారు. కాసేపాగి వేగం తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు.

ఇక అసలు విషయం. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను, ఎందుకంటే నాలాంటి ఆడవాళ్ళు ఎందరో ఇది ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతుంటారని నాకు నమ్మకం.

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో ఒక ఉదయం మంచం దిగబోతే కాళ్ళు నావి కావనిపించింది. మోకాళ్ళ కింద మొద్దుబారి, రెండు అడుగులకే తూలిపోయాను. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది, దీన్నే రిలాప్స్ అంటారు, ఇక స్టెరాయిడ్లు తప్పవనుకుని ఏడుస్తూ ఆవిడకు ఫోను చేశాను. మధ్యాహ్నానికి తిరిగి ఫోను చేశారు. కాళ్ళ గురించి విన్నాక అడిగారు: "జ్వరంగా ఉందా? మూత్రానికి వెళ్ళేటప్పుడు మంట ఉందా?" ఉంది. నాలుగు రోజులుగా ఉంది. ముందు మూత్ర పరీక్ష చేయించుకోమన్నారు. ఇన్ఫెక్షన్ అని తేలింది. ఒంట్లో వేడి పెరిగితే పాత మచ్చల దగ్గర నరాలు సరిగ్గా పనిచేయవు, చూడటానికి అచ్చం రిలాప్స్‌లాగే ఉంటుంది, కానీ కొత్త దెబ్బ కాదు. ఆ స్థితిలో ఇన్ఫెక్షన్ చూడకుండా స్టెరాయిడ్లు వేస్తే అది ఇంకా ముదిరేది. యాంటీబయాటిక్ వాడితే వారంలో కాళ్ళు తిరిగి నావయ్యాయి.

ఆవిడ అక్కడితో వదలలేదు. ఇన్ఫెక్షన్ ఎందుకు వచ్చిందో చూడాలన్నారు. క్లినిక్‌లో తలుపు వేసి, నా కళ్ళలోకి చూసి, "రాత్రి ఎన్నిసార్లు లేస్తావు? బయటికి వెళ్ళేటప్పుడు దారిలో బాత్రూములు ఎక్కడున్నాయో లెక్క పెట్టుకుంటావా? ఎప్పుడైనా ఆపుకోలేకపోయావా?" అని ఒకదాని తరువాత ఒకటి అడిగారు. అన్నిటికీ అవుననే జవాబు. ఏడాదిన్నరగా నీళ్ళు తాగడం తగ్గించేశాను. మావారికి చెప్పలేదు. న్యూరాలజిస్టు ఏడాదికొకసారి చూసే పావుగంటలో ఆ మాట నా నోట రాలేదు. ఆవిడ అడిగేదాకా ఎవరూ అడగలేదు.

బాత్రూముకు వెళ్ళి వచ్చాక పొత్తికడుపు మీద చల్లని జెల్ రాసి చేతిలో పట్టే చిన్న యంత్రం ఆనించారు. తెరమీద 180 అని పడింది. అంతా అయిపోయిందనుకున్నాక కూడా నా మూత్రాశయంలో 180 మిల్లీలీటర్లు మిగిలిపోతోంది. అది నిలవ ఉండి ఉండి ఇన్ఫెక్షన్ అవుతోంది. నీళ్ళు తగ్గించడంతో ఇంకా చెడింది. సన్నని గొట్టంతో ఎవరికి వారే మూత్రాశయాన్ని ఖాళీ చేసుకునే పద్ధతి ఉంది, నేర్చుకుంటావా అన్నారు. సిగ్గుతో తల దించుకున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు సరేనన్నాను. ఒక అద్దం, ఒక బొమ్మ, గంటన్నర సమయం. మొదటి రెండుసార్లు చేతులు వణికాయి. ఇప్పుడు నాకది రెండు నిమిషాల పని. హాయిగా నీళ్ళు తాగుతున్నాను. రాత్రి ఒకసారి లేస్తే ఎక్కువ.

తమ్ముడి పెళ్ళి కుదిరి ముహూర్తం మేలో అనగానే భయంతో నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వేడికి ఈ జబ్బు లక్షణాలు పెరుగుతాయి. ఒళ్ళు శ్రమపడితే ఈ జబ్బు ఉన్నవాళ్ళకు చూపు మసకబారుతుందని ఉథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే గమనించాడట, దానికి కారణం ఒంట్లో పెరిగే వేడి అని తరువాత తేలిందట. వెళ్ళనని అమ్మకు చెప్పేశాను కూడా. నర్సు గారు క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చున్నారు. వేడికి వచ్చే నీరసం, చూపు మసకబారడం ఒళ్ళు చల్లబడితే పోతాయి, వాటితో కొత్తగా నష్టం జరగదు, అందుకే భయం వద్దు, ఏర్పాటు కావాలి అన్నారు. టైఫాయిడ్ టీకాలో మింగే రకం బతికున్న క్రిములతో చేసేది, రక్షణ వ్యవస్థను అణిచే నా మందుతో అది కూడదు, సూదిమందు రకం తీసుకోమన్నారు. గొట్టాలు, మందులు ఎందుకో వివరిస్తూ విమానాశ్రయంలో చూపించడానికి ఉత్తరం ఇచ్చారు. చక్రాల కుర్చీ అడగడానికి నేను ఒప్పుకోలేదు. "విమానాశ్రయంలో నడిచి ఆ శక్తి ఖర్చు పెడతావా, పెళ్ళిలో నిలబడటానికి దాచుకుంటావా?" అన్నారు. అడిగాను.

ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. సాయంత్రమంతా ఏసీ గదిలో పడుకున్నాను. తడి తువ్వాలు మెడకు చుట్టుకుని, మీద పట్టుచీర కొంగు కప్పుకున్నాను. ఎవరికీ తెలియలేదు, మా చిన్నత్తకు తప్ప. ఆవిడ వచ్చి కౌగిలించుకుని "నీ మెడేమిటే ఇంత చల్లగా ఉంది?" అంది. తలంబ్రాలు పోసుకునేదాకా నిలబడే ఉన్నాను.

బ్రిటన్‌లో ఈ జబ్బు ఉన్నవాళ్ళు 1,50,000 మందికి పైనే. ఎం.ఎస్. నర్సులు ఇక్కడ 1990లలో మొదలయ్యారు. 2002లో ఖరీదైన మందులు అర్హులైనవాళ్ళకు ఇవ్వడానికి ప్రభుత్వం ఒక పథకం తెచ్చినప్పుడు వాటిని చూసుకోవడానికి నర్సుల సంఖ్య పెరిగింది. ఒక నర్సు చేతిలో 315 మందికి మించి ఉండకూడదని ఎం.ఎస్. ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చెబుతోంది. చాలా చోట్ల అంతకంటే ఎక్కువమందే ఉంటారు. అంతమందిలో నేనొకదాన్నని నాకెప్పుడూ అనిపించనివ్వలేదు ఆవిడ. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బును చేర్చారు, హైదరాబాదులో ఎం.ఎస్. సొసైటీ శాఖ కూడా ఉంది. అక్కడి పెద్దాసుపత్రుల్లోనూ ఇలాంటి నర్సు పదవులు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. డాక్టరు గదిలో నోరు పెగలని ప్రశ్నలు అక్కడి ఆడవాళ్ళకూ ఉన్నాయి.

నన్ను అర్థం చేసుకుని పని వేళలు మార్చిన మా ఆఫీసు వాళ్ళకు, గొట్టాల డబ్బా సంగతి తెలిసిన రోజు ఏమీ అనకుండా బాత్రూములో దానికో అల్మారా బిగించిన మావారికి కూడా నా నమస్కారాలు.

వచ్చే గురువారం నాకు డ్రిప్ ఉంది. అమ్మ ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె పంపింది. మీద తన చేత్తో "నర్సమ్మ గారికి" అని రాసింది. ఆవిడకు తెలుగు రాదు. చదివి వినిపించి ఇస్తాను.