రికార్డింగ్ నేరమైతే సెక్షన్ నంబరు రాయండి

సంపాదకులు గారికి,

పోయిన నెల మా చెల్లెలి పొలం మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. అధికారి గది తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది: ‘సెల్‌ఫోన్‌లో మాటలు రికార్డు చేయుట చట్టరీత్యా నేరం’. ఏ చట్టమో, ఏ సెక్షనో లేదు. అక్కడి కుర్రాణ్ని అడిగితే “పైనుంచి అంటించమన్నారండీ” అన్నాడు. ఇలాంటి నోటీసులు ముప్పై ఏళ్లు టైపు కొట్టినవాణ్ని నేను. సెక్షన్ దొరికితే దాన్ని పెద్దక్షరాల్లో కొట్టించేవాళ్లం. దొరక్కపోతేనే ‘చట్టరీత్యా’ అని సరిపెట్టేవాళ్లం.

మన మాటల్ని మనమే రికార్డు చేసుకుంటే నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు. ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. బొంబాయి కరోనర్ (అనుమానాస్పద మరణాలు విచారించే అధికారి) మల్కానీ లంచం అడిగిన కేసులో, ఫోన్‌లో ఆయనతో మాట్లాడిన డాక్టరు ఒప్పుకోవడంతో పోలీసులు ఆ మాటల్ని టేపు చేశారు. ఇది టెలిగ్రాఫ్ చట్టానికి విరుద్ధమని కరోనర్ తరఫున వాదించారు. మాట్లాడేవారిలో ఒకరి సమ్మతి ఉంది కాబట్టి విరుద్ధం కాదని, టేపు సాక్ష్యంగా చెల్లుతుందని 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు చాటుగా వినడం వేరే సంగతి. అది ట్యాపింగ్. దానికి ప్రభుత్వమైనా పద్ధతి ప్రకారమే వెళ్లాలని 1996లో అదే కోర్టు చెప్పింది.

పోలీస్ స్టేషన్లో ఫోన్ తీస్తే కొందరు అఫీషియల్ సీక్రెట్స్ యాక్టు (అధికార రహస్యాల చట్టం) పేరు ఎత్తుతారు. 1923 నాటి ఆ చట్టంలోని ‘నిషిద్ధ ప్రదేశాల’ కిందికి పోలీస్ స్టేషన్ రాదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2022లో తేల్చి, వీడియో తీసిన మనిషి మీద పెట్టిన కేసు కొట్టేసింది. అంతకుముందే, 2020 డిసెంబరులో, ప్రతి స్టేషన్లో బొమ్మతో పాటు మాట కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. గోడ మీది కెమెరా మన మాట వినొచ్చు గానీ మన జేబులోని ఫోన్ వినకూడదా?

ఫోన్లు బయట పెట్టి రమ్మని ఒక ఆఫీసు నియమం పెట్టుకోవచ్చు. కోర్టు హాళ్లలో ఆ కట్టుబాటు ఉంది. కానీ నియమం వేరు, నేరం వేరు. నేరమని రాసి బెదిరించడం దేనికి?

మా ఉద్యోగుల బాధ కూడా చెప్పాలి. నాతో పనిచేసిన ఒకాయన ఎవరికో “చలానా రెండు వేలు కట్టాలి” అని చెప్పాడు. వాట్సాప్‌లో తిరిగిన ముక్కలో ‘చలానా’ లేదు, రెండు వేలు మాత్రం ఉంది. ఆయన ఇంట్లో నెల రోజులు టెన్షనే. రికార్డు చేసుకోవడం ఒక ఎత్తు, కత్తిరించి ఊరంతా పంపడం ఇంకో ఎత్తు. రెండోదానికి పరువు నష్టం కేసు ఎదురైతే తప్పు పట్టలేం.

కత్తిరిస్తే కోర్టులోనూ ఇబ్బందే. గొంతు ఎవరిదో తేలాలి, ఫైలులో మార్పులేవీ జరగలేదని నిరూపించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి. అందులో ఒక భాగం మనది, ఇంకో భాగం నిపుణుడిది. అందుకే అసలు ఫోన్, అసలు ఫైలు పదిలంగా ఉంచుకోవాలి. ఫార్వర్డు చేశాంలే అని డిలీట్ చేసేవాళ్లు నాకు కనీసం నలుగురు తెలుసు.

లంచం ఇచ్చేసి రికార్డు ఉంది కదా అనుకున్నా చిక్కే. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే తప్ప. ఇవ్వకముందే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) 1064కి ఫోన్ చేయడం మేలు.

ఆ రోజు నా ఫోన్ బయట ప్లాస్టిక్ బుట్టలో పెట్టించారు. లోపల అధికారి “కాగితాలన్నీ సరిపోయాయి, పది రోజుల్లో అయిపోతుంది” అన్నారు. పది రోజులాగి వెళ్తే వారసత్వ ధ్రువపత్రం లేదన్నారు. మొదటి మాట ఎవరన్నారని ఆయనే నన్ను అడిగారు.

జిల్లా కలెక్టర్లకు నా విన్నపం ఇదే. ఆ కాగితాలు తీయించండి. తీయించలేకపోతే వాటి కింద సెక్షన్ నంబరు రాయించండి. ఆ తలుపు మీద మిగిలే చోటులో ఏ పనికి ఎంత ఫీజో, ఎన్ని రోజులో రాసి, పక్కన 1064 వేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి,
గుంటూరు జిల్లా