పాప రాత్రిళ్ళు లేవడం గురించి

బందరు

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. "జ్వరం తగ్గి ఆరు రోజులైందమ్మా, అయినా గంటకోసారి లేస్తోంది. భుజాన వేసుకుంటే తప్ప పడుకోదు. ఎత్తుకుని ఎత్తుకుని నేనే దాని నిద్ర పాడు చేశాను" అన్నావు. ఆ చివరి మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వేమీ పాడు చేయలేదు తల్లీ.

నీకూ తొమ్మిదో నెలలోనే గట్టిగా జలుబు చేసింది. అంతకుముందు ఉయ్యాల్లో వేసి నాలుగు ఊపులు ఊపితే తెల్లారేదాకా లేచేదానివి కాదు. ఆ రాత్రి మాత్రం పడుకోబెట్టగానే కెవ్వుమన్నావు, ఎత్తుకుంటే ఊరుకున్నావు. ఒడి అలవాటు చేస్తే ఇక దించలేవని ఇంట్లో పెద్దవాళ్ళన్నారు. నేనూ మారామే అనుకుని ఉయ్యాల్లోనే ఉంచేశాను. ఏడ్చి ఏడ్చి ఎప్పటికో సొమ్మసిల్లి పడుకున్నావు. పొద్దున చూస్తే గుడ్డ మీద చీము మరక. చెవి కారింది.

డాక్టరు గారు చెప్పాక తెలిసింది. ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్ళే సన్న గొట్టం పసిపిల్లలకి పొట్టిగా, అడ్డంగా ఉంటుందట. జలుబుకి అది మూసుకుపోతే చెవి లోపల నీరు చేరుతుంది. పడుకుంటే ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది, నిలువుగా ఎత్తుకుంటే కాస్త నెమ్మదిస్తుంది. నువ్వు అంతలా ఏడ్చింది అందుకు. చెవి మానిపోయింది గానీ, ఇన్నేళ్ళైనా ఆ రాత్రి గుర్తొస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది. అందుకే జ్వరం ఉన్న నాలుగు రాత్రులూ నువ్వు పాపని కింద పెట్టలేదని వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు ముందుగా చూడాల్సింది జబ్బు పూర్తిగా తగ్గిందా లేదా అని. పగలు ఆడుకుంటూ, పాలు బాగా తాగుతూ రాత్రిళ్ళే లేస్తుంటే అది చాలావరకు అలవాటే. పడుకోబెట్టగానే ఏడ్చినా, పాలు మధ్యలో వదిలేసి ఏడ్చినా, జ్వరం మళ్ళీ వచ్చినా చెవులు చూపించు. డొక్కలు ఎగరేస్తున్నా, ఉచ్చ పోయడం తగ్గినా అర్ధరాత్రి అని ఆగొద్దు, వెంటనే తీసుకెళ్ళు.

ముక్కు బిగుసుకుంటే పాలు తాగుతుంటే ఊపిరాడదు. సగంలో వదిలేస్తుంది, ఆకలికి మళ్ళీ లేస్తుంది. పాలిచ్చే ముందు సెలైన్ చుక్కలు వెయ్యి. తల కింద దిండు పెట్టొద్దు, వెల్లకిలా పడుకోబెట్టు. దగ్గు మందు మీ అంతట మీరు పొయ్యొద్దు, ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు. సాంబ్రాణి పొగ కూడా వద్దు. వదినగారు ప్రేమతోనే వేస్తున్నారు, ఆ సంగతి నేను మెల్లగా మాట్లాడతాలే.

ఇక చెవులు బాగానే ఉండి ఇది అలవాటే అయితే, నాలుగు రాత్రులు నీ భుజం మీదే పడుకున్న పిల్ల మెలకువ రాగానే ఆ భుజం కోసమే చూస్తుంది. పైగా ఈ వయసులో అమ్మ కనపడకపోతే బెంగ. సాయంత్రం స్నానం, తర్వాత పాలు, లైటు తగ్గించడం, అదే లాలిపాట, అన్నీ జబ్బుకి ముందు ఏ వేళకి చేసేదానివో ఆ వేళకే మొదలుపెట్టు. కళ్ళు మూతలు పడుతుండగానే పక్క మీద వేసి జోకొట్టు. ఏడిస్తే ఎత్తుకో, ఊరుకున్నాక మళ్ళీ వెయ్యి. ఒక రాత్రి పదిసార్లు చేయాల్సి రావచ్చు. చిన్నప్పుడు నీకు పది రోజులు పట్టింది, పాప అంతకంటే ముందే దారిలో పడొచ్చు. ఊరుకోబెట్టడానికి ఫోన్ మాత్రం చూపించకు.

నాకు దాని కంటే నీ గురించే టెన్షన్‌గా ఉంది. శనివారం సాయంత్రానికి వస్తున్నాను. పాలకి మాత్రం నిన్ను లేపుతాను, మిగతా రాత్రంతా పాప నా దగ్గరే. నువ్వు పక్క గదిలో తలుపు వేసుకుని పడుకో.

అమ్మ