పార్కు తాళంచెవి మాకిస్తే చాలు

ఎడిటర్ గారికి నమస్తే,

మాది తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీ. మా కాలనీ లేఅవుట్‌లో పార్కు కోసమని వదిలిన జాగా ఉంది, చాలా ఏండ్లు అందులో సర్కారు తుమ్మ, వయ్యారిభామ తప్ప ఏం లేకుండె, ఇండ్లు కట్టేటోళ్ళు మట్టి, పెంకులు అన్నీ తెచ్చి అక్కడే పోసేది. రెండేండ్ల కింద మా గల్లీ ఆడవాళ్ళం కలిసి ఒక మూల సాఫ్ చేసి, మృగశిర రాంగనే పుంటికూర, తోటకూర, బచ్చలి వేసినం. పక్కింటి పెద్దమ్మ ఫెన్సింగ్ మీదికి కాకర పాదు ఎక్కిచ్చింది, దసరా దాకా గల్లీ మొత్తానికి పంచింది, మేమే ఇక వద్దమ్మా చేదు అన్నం. కూరగాయల తొక్కలన్నీ అక్కడే గుంతలో వేసి ఎరువు చేసుకున్నం. గొడవలు కాలేదని చెప్పను, రాత్రిపూట సొరకాయలు ఎవరు కోసుకపోయిండ్రో ఇప్పటికీ తెల్వదు.

పోయినేడు పార్కు డెవలప్‌మెంట్ అని జేసీబీ వచ్చింది, గంటలో అంతా చదును. ఇప్పుడు అక్కడ ఓపెన్ జిమ్, ఊరి పేరుతో సెల్ఫీ పాయింట్, వరసగా కోనోకార్పస్ చెట్లు (సర్కారే వద్దన్న చెట్లు అవి!), గేటుకి తాళం. తొక్కే మిషన్ తుప్పు పట్టి కీచుకీచుమంటది, పిల్లలు గోడ దుంకి పోయి దాని మీద ఉయ్యాల ఊగుతరు. తెచ్చి పరిచిన గడ్డి ఎండాకాలం రాకముందే ఎండిపోయింది, ట్యాంకర్ రోడ్డు డివైడర్ దాకా వస్తది గానీ లోపలికి రాదు.

2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్‌ల 10 శాతం పచ్చదనానికే పెట్టాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని ఉంది. పైసలున్నయి, రూలు కూడా ఉంది, మరి నీళ్ళు పోసేదెవరు? కూర వండుకునేటోళ్ళయితే ఎవరూ చెప్పకుండనే పోస్తరు కదా సార్.

ఆఫీసుకు పోయి అడిగితే మీకిస్తే రేపు కబ్జా చేస్తరు అన్నరు. పుంటికూర ఏసి కబ్జా చేసినోళ్ళని మేమైతే చూడలే, కావాలంటే జాగా మాది కాదని రాసిస్తం. జిమ్ తీసెయ్యమంటలేం, అది ఉండనీయండి. ఆ మూల ఓ నాలుగు మడులంత జాగా, ఒక నల్లా కనెక్షన్, పొద్దున సాయంత్రం గేటు తీసుకోనీకి తాళంచెవి, ఇంతే అడుగుతున్నం. మృగశిర దగ్గరికొచ్చింది, పెద్దమ్మ కాకర విత్తనాలు డబ్బాలో దాచి పెట్టుకుని రోజూ అడుగుతుంది ఏమైందని.

ఇట్లు,
మీ పాఠకురాలు