పరిశోధకుల చేత ‘పేస్ట్’ నొక్కించండి

సంపాదకులకు నమస్కారం.

సామాజిక శాస్త్రాల పరిశోధక విద్యార్థులకు పెట్టే శిక్షణ తరగతుల్లో, నేను చూసినంతవరకు, గణాంకాలను విశ్లేషించే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ అంటే మెనూ తెరిచి, కావలసినవి ఎంచుకుని, ‘ఓకే’ నొక్కడమే. ఆ ‘ఓకే’ పక్కనే ఉన్న ‘పేస్ట్’ బటన్ గురించి చెప్పేవారు అరుదు. దాన్ని నొక్కితే మౌస్‌తో ఎంచుకున్నదంతా కమాండ్లుగా మారి సింటాక్స్ విండోలో (కమాండ్లు రాసుకునే చోట) చేరుతుంది. దాన్ని ఫైలుగా దాచుకుంటే ఏడాది తర్వాతైనా అదే లెక్కను అదే వరుసలో మళ్లీ నడిపించవచ్చు.

సలహా కోసం నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థిని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటాపై పనిచేసింది. వయసును మూడు వర్గాలుగా విడగొట్టేటప్పుడు కొత్త చలరాశిని పెట్టుకోకుండా పాతదానిలోనే రీకోడ్ చేసి (వయసుల స్థానంలో వర్గాల సంఖ్యలు పెట్టేసి), ఫైలును అదే పేరుతో సేవ్ చేసింది. మొదటి వర్గం 29 ఏళ్లతో ముగుస్తుందా, 30తోనా అని గైడు అడిగేసరికి ఆమె దగ్గర జవాబు లేదు. ఫైలులో అసలు వయసులూ లేవు. పైగా ఆ సర్వేలో ఒక్కొక్క మహిళకు ఇచ్చిన వెయిట్‌ను (లెక్కలో ఆమె జవాబుకు ఎంత బరువు ఇవ్వాలో చెప్పే సంఖ్యను) 10,00,000తో భాగించి వాడుకోవాలి. తన పట్టికల్లో వేటికి వెయిట్ వాడిందో, వేటికి వాడలేదో కూడా ఆమె చెప్పలేకపోయింది. చివరకు డేటాను మళ్లీ దింపుకుని అన్ని పట్టికలూ మొదటినుంచి వేసుకోవలసి వచ్చింది. సింటాక్స్ ఫైలు ఉండి ఉంటే ఈ రెండు ప్రశ్నలకూ రెండు మూడు వరుసల్లో జవాబు దొరికేది.

కమాండ్లు వాడితే తప్పులు జరగవని నేననను. జరిగిన తప్పు ఏ వరుసలో ఉందో వెతికి పట్టుకోవచ్చు. ఇంగ్లిష్ కమాండ్లు కంఠస్థం చేయాలేమోనన్న భయమూ అక్కరలేదు, వాటిని రాసిపెట్టేది మెనూయే. 2003లో 8వ వెర్షన్‌తో మెనూలు తెచ్చుకున్న స్టాటా అనే మరో గణాంక సాఫ్ట్‌వేర్ అయితే, మెనూ ద్వారా చేసిన పనికి సరిపోయే కమాండ్‌ను అడగకుండానే ఫలితాల విండోలో చూపిస్తుంది. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌కు మెనూలు జోడించే, ఉచితంగా దొరికే ఆర్ కమాండర్‌దీ ఇదే పద్ధతి. ఎస్‌పీఎస్‌ఎస్ సింటాక్స్‌లో నక్షత్రం గుర్తు పెట్టి, ఏ పని ఎందుకు చేశామో తెలుగులోనే రాసుకోవచ్చు. (ఆ గమనిక చివర ఫుల్‌స్టాప్ మరిచిపోతే కింది వరుసలోని కమాండ్ కూడా గమనికలో కలిసిపోతుంది, ఒక సాయంత్రమంతా పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఇది.)

సిద్ధాంత గ్రంథానికి ప్రశ్నావళిని అనుబంధంగా జతచేసినట్లే సింటాక్స్ ఫైలును కూడా జతచేయాలని విశ్వవిద్యాలయాలు నిబంధన పెట్టాలని నా విన్నపం. వైవాకు ముందు పరీక్షకులు అందులో కనీసం ఒక్క పట్టికనైనా తమ కంప్యూటర్‌లో నడిపి చూడాలి.

– ఒక విశ్రాంత స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు